పురుగుకి పేరు పెట్టిన రచయిత

ఈసారి సంచికకి ఎవరైనా ప్రపంచ రచయిత జీవితం రాయమని క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు, నేను పెద్దగా ఆలోచించకుండా వ్లాదిమిర్ నబొకోవ్ పేరు చెప్పేశాను. వెంటనే ముగ్గురు నవ్వే ఎమోజీలు పెట్టారు. లోలిత రాసినతనే కదా అని. అవును, అతనే. కానీ నేను రాయాలనుకున్నది ఆ నవల గురించి కాదు. పురుగుల గురించి.

ఎందుకో ముందే చెప్పేస్తాను. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా మొక్కజొన్న చేలో ఆకులకి చిల్లులు పడటం మొదలైంది. మా నాన్న మొవ్వు విప్పి చూస్తే లోపల లద్దె పురుగు ఉంది. ఎప్పుడూ చూసే పొగాకు లద్దె పురుగే అనుకున్నాడు. దానికి ఎప్పుడూ కొట్టే మందే, ఎప్పటిలాగే పైపైన కొట్టాడు. తగ్గలేదు. మళ్లీ కొట్టాడు. ఆ తర్వాత చాలా రోజులకి తెలిసింది, అది కత్తెర పురుగని. అమెరికా ఖండాల నుంచి ఆఫ్రికా మీదుగా వచ్చి, 2018లో కర్ణాటకలో మొదటిసారి కనబడి, అక్కణ్ణుంచి మన వైపు పాకిన పురుగు. రెండూ స్పోడోప్టెరా అనే ఒకే ప్రజాతివి, అంటే దగ్గరి చుట్టాలు. తేడా ఎక్కడంటే కత్తెర పురుగు తల మీద తిరగేసిన వై అక్షరం లాంటి గీత ఉంటుంది, తోక వైపు నాలుగు నల్ల చుక్కలు చదరంగా ఉంటాయి. మొవ్వులోకి దూరి కూర్చుంటుంది కాబట్టి మందు కూడా మొవ్వులోకే పడాలి. ఆ నాలుగు చుక్కలూ ఎవరూ చూడకపోవడం వల్ల ఆ ఏడాది మాకు సగం పంట పోయింది.

కత్తెర పురుగు, పొగాకు లద్దె పురుగు, పత్తిలో శనగపచ్చ పురుగు, ఇవన్నీ నాక్టుయిడే అనే ఒకే కుటుంబం. లాటిన్‌లో నాక్టువా అంటే గుడ్లగూబ. రాత్రి తిరిగే రెక్కల పురుగులు ఇవి. మన హాస్టల్ కారిడార్‌లో ట్యూబ్‌లైట్ చుట్టూ తిరిగి, పొద్దున్నే గోడకి అతుక్కుని ఉండే మట్టిరంగు మాత్‌లలో చాలా వరకు ఈ కుటుంబమో, దీని చుట్టాలో. ముందు రెక్క మీద చిక్కుడు గింజ ఆకారంలో ఒక మచ్చ, దాని పక్కన గుండ్రంగా ఇంకో మచ్చ ఉంటాయి. సమస్య ఏంటంటే, వందల జాతులకి ఇదే డిజైన్. ఫోన్‌లో ఫొటో తీసి యాప్‌లో పెడితే ఒక్కోసారి ఒక్కో పేరు చెప్తుంది. సెకండ్ ఇయర్‌లో నేనూ ఒక షూబాక్స్ నిండా వీటిని పోగేసి, వాటికి పేర్లు వెతుకుతూ వెతుకుతూ నబొకోవ్ దగ్గర తేలాను.

నబొకోవ్ 1899లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. బాగా డబ్బున్న కుటుంబం, ఐదుగురు పిల్లల్లో పెద్దవాడు. తండ్రి న్యాయశాస్త్రవేత్త, ఉదారవాద రాజకీయ నాయకుడు. ఆయనకీ సీతాకోకచిలుకలు పట్టే అలవాటుంది. వేసవి వస్తే కుటుంబమంతా నగరానికి దక్షిణాన ఉన్న వైరా అనే ఎస్టేట్‌కి వెళ్లేవాళ్లు. అక్కడే ఏడేళ్ల వయసులో అతనికి పూల పొద మీద ఒక పెద్ద స్వాలోటెయిల్ కనబడింది. పనివాడు దాన్ని టోపీతో పట్టిచ్చాడు. రాత్రంతా బట్టల బీరువాలో పెడితే కలరా ఉండల వాసనకి చచ్చిపోతుందనుకున్నారు. పొద్దున్న అతని టీచరమ్మ ఏదో తీసుకుందామని బీరువా తలుపు తెరిస్తే అది రయ్యిమని ఎగిరి కిటికీలోంచి వెళ్లిపోయింది. మొదటి వేట అలా చేజారింది.

తర్వాత ఆ ఇంటి స్టోర్‌రూమ్‌లో పాత పుస్తకాల గుట్ట దొరికింది. వాటిలో 300 ఏళ్ల కిందట సురినామ్ వెళ్లి పురుగుల బొమ్మలు వేసిన మరియా సిబిల్లా మెరియన్ పుస్తకం కూడా ఉంది. పిల్లాడు ఆ గుట్టని మేడ మీది నుంచి మోసుకొచ్చుకుని చదివాడు. ఇంకొన్నాళ్లకి రాత్రి వేట మొదలైంది. దాని పద్ధతి సరదాగా ఉంటుంది. బెల్లప్పాకం లాంటి మొలాసిస్, బీరు, రమ్ము కలిపి, చీకటి పడే వేళకి చెట్ల మొదళ్లకి పూస్తారు. లాంతరు పట్టుకుని వెళ్లి చూస్తే ఆ తీపికి వచ్చి వాలిన మాత్‌లు మత్తుగా తాగుతూ ఉంటాయి. పైరెక్కలు చెట్టు బెరడు రంగులో, కిందిరెక్కలు ఎర్రగా ఉండే కటోకాలా మాత్ దొరికితే అతను దాని లాటిన్ పేరు అరుచుకుంటూ తండ్రికి చూపించడానికి ఇంట్లోకి పరిగెత్తేవాడట. అప్పట్లో కటోకాలాలు కూడా నాక్టుయిడే కుటుంబంలోనే ఉండేవి. ఈమధ్యే పక్కన ఎరెబిడే కుటుంబంలోకి మార్చారు.

ఆ రోజుల్లోనే అతనికి ఒక మాత్ దొరికింది. రెక్కల మీద లోహం పూత పూసినట్టు మెరుపుండే ప్లూసియా రకం, అదీ నాక్టుయిడేనే. ఎన్ని పుస్తకాలు తిరగేసినా దాని బొమ్మ కనబడలేదు. ఇక ఇది కొత్త జాతే అని నిర్ణయించుకున్నాడు. కొత్త జాతిని కనిపెట్టిన పిల్లాడు! వర్ణన మొత్తం ఇంగ్లిష్‌లో రాసి ఇంగ్లండ్‌లో ఒక ప్రసిద్ధ కీటక శాస్త్రవేత్తకి పంపాడు. జవాబు మర్యాదగానే వచ్చింది. ఆ మాత్‌కి ప్లూసియా ఎక్సెల్సా అని క్రెట్‌ష్మర్ అనే అతను ఎప్పుడో పేరు పెట్టేశాడని.

ఇది చదివినప్పుడు నాకు భలే నవ్వొచ్చింది, కొంచెం జాలీ వేసింది. ఎందుకంటే నా షూబాక్స్‌లో కూడా రెండు కొత్త జాతులు ఉండేవి, ఒక వారం పాటు. కానీ నబొకోవ్ ఊరికే వదల్లేదు. చాలా ఏళ్ల తర్వాత కెమెరా ఆబ్‌స్క్యూరా అనే నవల రాస్తూ, అందులో మోసపోయి చూపు పోగొట్టుకునే కథానాయకుడికి క్రెట్‌ష్మర్ అని పేరు పెట్టాడు. కసి అలా తీర్చుకున్నాడు.

ఆ తర్వాత జీవితం ఒక్కసారిగా తలకిందులైంది. 1917 విప్లవంతో కుటుంబం పీటర్స్‌బర్గ్ వదిలి క్రిమియా చేరింది. ఎస్టేటూ పోయింది, అందులో పెట్టెల నిండా ఉన్న సేకరణా పోయింది. అతను క్రిమియాలో మళ్లీ మొదలుపెట్టాడు. 1919లో అక్కణ్ణుంచి కూడా ఓడెక్కి పారిపోవాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జిలో చేరాడు. అక్కడ ఉండగా 1920లో అతని మొదటి శాస్త్ర వ్యాసం అచ్చయింది. క్రిమియాలో చూసిన సీతాకోకచిలుకలు, మాత్‌ల మీద అది. పెట్టెలు పోయినా చూసింది పోలేదన్నమాట.

1922 మార్చిలో బెర్లిన్‌లో ఒక సభలో ఇంకో నాయకుడి మీద కాల్పులు జరుగుతుంటే అడ్డుపడి అతని తండ్రి చనిపోయాడు. కటోకాలా దొరికితే పరిగెత్తుకెళ్లి చూపించడానికి ఇక ఆ మనిషి లేడు. బెర్లిన్‌లో నబొకోవ్ ఇంగ్లిష్, టెన్నిస్ పాఠాలు చెప్పుకుంటూ రష్యన్‌లో నవలలు రాశాడు. 1925లో వేరాని పెళ్లి చేసుకున్నాడు. ఒక నవలకి డబ్బులొస్తే 1929లో ఇద్దరూ కలిసి పిరెనీస్ కొండలకి వెళ్లి పురుగులు పట్టుకొచ్చారు, దాని మీదా వ్యాసం రాశాడు. వేరా యూదు. హిట్లర్ జర్మనీ నుంచి ఫ్రాన్స్‌కి, 1940 మేలో ఫ్రాన్స్ నుంచి అమెరికాకి ఓడలో బయటపడ్డారు. పారిస్‌లో ఉన్న సేకరణ అక్కడే పోయింది. వెనక ఉండిపోయిన తమ్ముడు సెర్గెయ్ 1945లో నాజీ క్యాంపులో చనిపోయాడు.

అమెరికాలో దిగేసరికి వయసు 41. చేతిలో డబ్బు లేదు. రాసే భాష కూడా మార్చుకోవాలి. అలాంటి మనిషి న్యూయార్క్‌లో చేసిన మొదటి పనుల్లో ఒకటి, అక్కడి మ్యూజియంకి వెళ్లి జీతం లేకుండా సీతాకోకచిలుకల డ్రాయర్ల ముందు కూర్చోవడం. 1941 వేసవిలో రష్యన్ నేర్చుకుంటున్న డొరొతీ అనే ఆమె కారులో వీళ్లని పడమటికి తీసుకెళ్లింది. గ్రాండ్ కాన్యన్ దగ్గర కాలిబాటలో ఒక గోధుమరంగు సీతాకోకచిలుక దొరికింది. దానికి ఆమె పేరు మీదుగా నియోనింఫా డొరొతియా అని పేరు పెట్టాడు.

అదే ఏడాది హార్వర్డ్ జంతుశాస్త్ర మ్యూజియంకి వెళ్లాడు. సేకరణ చిందరవందరగా ఉండటం చూసి, ఉచితంగా సర్దిపెడతానన్నాడు. 1942లో దాన్నే పార్ట్‌టైమ్ ఉద్యోగం చేశారు. జీతం ఏడాదికి సుమారు 1000 డాలర్లు. డిగ్రీలో అతను చదివింది సాహిత్యం, జీవశాస్త్రం కాదు. అయినా 1948 వరకు ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. కొన్నిసార్లు రోజుకి 14 గంటలు మైక్రోస్కోప్ మీద వంగి కూర్చున్నాడు. కళ్లు పాడయ్యాయి.

ఆ బల్ల మీద ఏం చేసేవాడో కొంచెం వివరంగా చెప్పాలి. బ్లూస్ అనే చిన్న నీలిరంగు సీతాకోకచిలుకల గుంపు అతనిది. చూపుకి అన్నీ ఒకటే. మన గోడ మీది నాక్టుయిడ్‌ల సమస్యే వాటిదీ. రంగు చూస్తే ఎండకి వెలిసిపోతుంది. చుక్కలు చూస్తే ఒకే జాతిలో రకరకాలుగా ఉంటాయి. అందుకని పురుగు పొట్ట చివరి భాగం జాగ్రత్తగా విరిచి, కాస్టిక్ పొటాష్‌లో నానబెడతారు. మెత్తటి కండంతా కరిగి జననాంగాల గట్టి భాగాలు మిగులుతాయి. మగవాటిలో అవి చిన్న కొక్కేల్లా, పట్టకార్లలా ఉంటాయి. ఒక్కో జాతికి వాటి ఆకారం ఒక్కో రకం. తాళంచెవుల గుత్తి అనుకోండి, బయటికి ఒకేలా కనబడినా పళ్లు వేరు. నాక్టుయిడ్‌లలో కూడా చివరికి మాట తేల్చేది ఈ పరీక్షే. శనగపచ్చ పురుగు తల్లి మాత్‌నీ, దాని పక్క జాతినీ విడదీయడానికి ఇప్పటికీ పొట్ట చివర చూస్తారు.

నబొకోవ్ ఆ భాగాలని గ్లిజరిన్ ఉన్న చిన్న సీసాల్లో దాచి, మిల్లీమీటరులో వందో వంతు లెక్కన కొలిచి, బొమ్మలు గీశాడు. అలాంటి బొమ్మలు వెయ్యికి పైనే. రెక్క మీద మచ్చ ఎక్కడుందో చెప్పడానికి రెక్క మొదలు నుంచి పొలుసుల వరసలు లెక్కపెట్టేవాడు, మ్యాపు మీద అక్షాంశాలు చెప్పినట్టు. ప్రతి పిన్ను కింద చిన్న కాగితం ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారు. ఆ కాగితం లేకపోతే ఎంత అందమైన పురుగైనా శాస్త్రానికి దాదాపు పనికిరాదు. నా షూబాక్స్‌లో ఒక్కదానికీ ఆ కాగితం లేదని అప్పుడే తెలిసింది.

అంత పని చేసినవాడు తప్పులు చెయ్యలేదా అంటే, చేశాడు. నాకు ఈ మనిషి నచ్చింది అక్కడే. 1938లో ఫ్రాన్స్ కొండల్లో పట్టిన రెండు సీతాకోకచిలుకలకి కొత్త జాతిగా లైసాండ్రా కార్మియన్ అని పేరు పెట్టాడు. అవి రెండు మామూలు జాతులకి పుట్టిన సంకరాలని తర్వాత తేలింది. డొరొతియా విడి జాతి కాదు, ఉపజాతి అన్నారు. దక్షిణ అమెరికా బ్లూస్‌లో ఒక ప్రజాతికి సూడోథెక్లా అని పేరు పెడితే, ఆ పేరు అంతకుముందే ఇంకో పురుగుకి వాడేశారు. చిన్నప్పటి క్రెట్‌ష్మర్ కథే మళ్లీ! ఈసారి మాత్రం ముగింపు వేరు. ఆ ప్రజాతికి కొత్త పేరు కావాల్సి వచ్చి, 1960లో ఇంకో శాస్త్రవేత్త నబొకోవియా అని పెట్టాడు. అంతకుముందే, 1943లో యూటా రాష్ట్రంలో నబొకోవ్ పట్టిన ఒక చిన్న మాత్ నిజంగానే కొత్త జాతి అయింది, దాని పేరు యూపిథీసియా నబొకొవి. చిన్నప్పుడు మాత్‌తో పోయిన పరువు మాత్‌తోనే తిరిగొచ్చింది.

సరిగ్గా చేసిన పనులు ఇంకా పెద్దవి. మ్యూజియం డ్రాయర్లలో వేరే పేరుతో పడున్న కొన్ని బ్లూస్‌ని పరీక్షించి, అవి వేరని 1940లలో విడదీశాడు. ఇప్పుడు వాటిని కార్నర్ బ్లూ అంటారు. దాని గొంగళి పురుగు అడవి లూపిన్ అనే ఒక్క మొక్క ఆకులే తింటుంది. ఆ మొక్కలు తగ్గేసరికి పురుగూ తగ్గింది. 1992లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించిపోయే ప్రమాదం ఉన్న జీవుల జాబితాలో పెట్టింది. పేరంటూ లేని దాన్ని జాబితాలో ఎక్కించడం ఎవరివల్లా కాదు కదా.

ఇంకోటి 1945 వ్యాసం. దక్షిణ అమెరికా బ్లూస్ ఆసియా నుంచి బేరింగ్ జలసంధి మీదుగా, ఒకేసారి కాకుండా ఐదు అలలుగా వచ్చి ఉంటాయని అతను రాశాడు. చేతిలో ఉన్నవి సుమారు 120 నమూనాలు, ఒక మైక్రోస్కోప్, అంతే. నవలా రచయిత హాబీ అనుకుని చాలామంది పట్టించుకోలేదు. 2011లో హార్వర్డ్‌లోనే నయోమి పియర్స్, ఆమె సహచరులు డీఎన్‌ఏతో అదే ప్రశ్న వేసి చూశారు. ఐదు అలలు! మొదటిది సుమారు 1.1 కోట్ల ఏళ్ల కిందట, చివరిది సుమారు 10 లక్షల ఏళ్ల కిందట. వ్యాసం రాసిన 66 ఏళ్లకి అతను చెప్పింది నిజమని తేలింది. అది వినడానికి అతను లేడు.

1948లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో సాహిత్యం చెప్పడానికి వెళ్లడంతో మ్యూజియం పని ఆగిపోయింది. వేసవి వేట మాత్రం ఆగలేదు. అతనికి డ్రైవింగ్ రాదు, వేరానే నడిపేది. అలా పడమటి కొండల్లో తిరుగుతున్న ఆ కారులో, మోటెళ్లలో, చిన్న కార్డుల మీద లోలిత రాశాడు. పురుగుల నోట్సు ఎలా కార్డుల మీద రాసుకునేవాడో నవలా అలాగే. 1955లో అది పారిస్‌లో, 1958లో అమెరికాలో అచ్చయింది. ఆ డబ్బుతో ఉద్యోగం మానేశాడు. 1961 నుంచి స్విట్జర్లాండ్‌లో మోంత్రో అనే ఊళ్లో ఒక హోటల్లో కాపురం. 1975లో దావోస్ కొండ మీద వల పట్టుకుని వెళ్తూ జారిపడ్డాడు. ఆరోగ్యం ఇక కోలుకోలేదు. 1977 జూలై 2న చనిపోయాడు. యూరప్ తిరిగొచ్చాక పట్టిన 4000కు పైగా సీతాకోకచిలుకలు లోజాన్ మ్యూజియంకి చేరాయి.  ఈ సేకరణ పోకుండా మిగిలింది.

మన క్లబ్‌లో ప్రతి ఏడాదీ వచ్చే ప్రశ్న ఒకటుంది కదా, ఇంజినీరింగ్ చదువుతూ ఈ కవితలూ కథలూ ఎందుకని. దానికి నబొకోవ్ జీవితంలో నాకు దొరికిన జవాబు చాలా మామూలుది. హాబీ అంటే సగం మనసుతో చేసే పని అని ఎక్కడా రాసి లేదు. జీతం ఇచ్చినా, ఇవ్వకపోయినా పొలుసుల వరసలు లెక్కపెట్టాల్సిందే. లెక్క తప్పితే తప్పని ఒప్పుకోవాల్సిందే.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నాన్నతో చేనికి వెళ్లాను. మొవ్వు విప్పితే లోపల పురుగు ఉంది. నాన్న దాన్ని అరచేతిలో వేసుకుని, కళ్లద్దాలు పైకి నెట్టి, తోక వైపు చూసి నాలుగు చుక్కలూ వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తర్వాత నా చేతికిచ్చి నన్నూ లెక్కపెట్టమన్నాడు. నాలుగే. అప్పుడు బయల్దేరాం మందు కొట్టుకి.

షూబాక్స్ ఇప్పటికీ నా మంచం కింద ఉంది. కొత్తగా పట్టిన 11 మాత్‌లకి కాగితాలు రాశాను. హాస్టల్ కారిడార్, తేదీ, నా పేరు. జాతి పేరు దగ్గర మాత్రం పదింటికి ఖాళీ వదిలాను.